నోబిడ్

ఫలితాలొచ్చిన రోజు అమ్మ
టంగుటూరులో గ్రేడింగ్ షెడ్డు కింద ఉంది.
పక్కనే గోనెపట్టా మీద కూచుని నేను
ఫోను తెర మీద తిరిగే గుండ్రటి గీతను చూస్తున్నా.
నలభై నిమిషాలు తిరిగిందది.
ఆగాక,
తొంభై ఒకటి, చుక్క, మూడు, ఏడు,
ఆ పైన ఎవరికీ పనికిరాని ఇంకో ఐదంకెలు.

"నూటికి తొంభై ఒకటా?"
అమ్మ చేతిలో ఆకు కింద పెట్టలేదు.

కాదమ్మా. అవి మార్కులు కావు.
నూరు మందిని వరసలో నిలబెడితే
తొంభై ఒక్క మంది నా వెనకాల ఉన్నట్టు.

"మంచిదే గదా."

మంచిది కాదు.
ఎందుకు మంచిది కాదో చెప్పబోయి ఆగాను.
ముందున్న ఎనిమిది మందీ ఎనిమిది మంది కాదు.
లెక్కేస్తే సగం ఒంగోలు
నా ముందర నడుస్తా ఉంది,
గేటు మాత్రం ఒక మనిషి పట్టేంత.

అమ్మ వేళ్ళకు లెక్కలు రావు.
నిమ్మపండు రంగుది ఈ పక్క, నారింజది ఆ పక్క,
మచ్చపడ్డది, పచ్చి మిగిలింది, బ్యారన్‌లో మాడింది.
కళ్ళు రోడ్డు మీదున్నా
వేళ్ళు ఆకును ఆకు చోటుకే పంపిస్తాయి.
మీరూ అంతేగా అనుకుంటారేమో.
అంతే కాదు.
ఆకుకి తన గ్రేడు తెలీదు.
నాకు ప్రతి సోమవారం తెలిసేది,
మెస్సు గోడ మీద, ఇడ్లీ ప్లేటు చేతిలో ఉండగా.

నెల్లూరు హాస్టల్లో మూడో అంతస్తు అంటే ఐఐటీ బ్యాచి.
రెండు వారాలు జారితే పరుపు చుట్టుకోవాలి.
కెజియా దిగిన రోజు
బకెట్లో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె,
చంకలో ఫిజిక్స్ మెటీరియల్.
ఏడవలేదు.
"కింద నీళ్ళు బాగా వస్తాయంటలేమే" అంది.
ఆమె మంచం మీదికి ఆ మధ్యాహ్నమే ఇంకొకమ్మాయి వచ్చింది.
నేనా అమ్మాయితో నాలుగు రోజులు మాట్లాడలేదు,
తప్పు ఆమెదైనట్టు.

పోయినేడు నాయన బేళ్ళు మూడు
వేలం కేంద్రం నుంచి వెనక్కొచ్చాయి.
కొనేవాళ్ళు నడుస్తూనే
నడిమిలోంచి ఒక గుప్పెడు లాగి, వాసన చూసి,
అడుగు ఆపకుండా పోయారంట.
బేలుకి చీటీ కట్టారు, నోబిడ్ అని.
ఆటో బాడుగ రానుపోను రెండుసార్లు.
ఆ రాత్రి అమ్మ తాళ్ళు విప్పి
లైటు కింద ఆకు ఆకూ మళ్ళీ చూసింది.
"ఆకుకేం తక్కువ?" అని
ఎవరినో అడిగింది. నాయన నిద్రపోలేదు గానీ పలకలేదు.
పన్నెండు రోజుల తర్వాత
అదే ఆకు, అడిగిన రేటుకిచ్చి వచ్చాడు.
అది నా రెండో టర్మ్ ఫీజు.
రసీదు మీద మాత్రం ఏ వాసనా లేదు.

షెడ్డులో ఎవరో రేడియో పెట్టారు.
చాలాసేపటికి అమ్మ అంది:
"మరి నీ వెనకాల ఉన్నోళ్ళు?
ఆ తొంభై ఒక్కమంది.
వాళ్ళ అమ్మలు ఇప్పుడు ఏం జేస్తుంటారు?"

రెండేళ్ళు వెనక్కి తిరిగి చూడొద్దన్నారు మాకు.
చూసే టైము కూడా లేదు.

కెజియా దరఖాస్తు నంబరు నాకు నోటికొచ్చు,
పుట్టినరోజు కూడా.
తెర మీద కొడితే తెలిసిపోద్ది.
కొట్టలేదు. ఫోను చేశాను.
రింగవుతుండగా పెట్టేద్దామనిపించింది.
"ఏం జేస్తన్నావే?" అంది.
ఆకు ఏరతన్నా అన్నా.
ఇద్దరం కాసేపు ఏమీ అడగలేదు.
కావలిలో వాళ్ళింటి కుక్కర్ కూతేసింది.

చేతికి దొరికిన ఆకును అమ్మకు చూపించా,
ఇదే పక్కమ్మా అని.
ఎండలోకి ఎత్తి పట్టి చూసింది. తిప్పింది. మళ్ళీ చూసింది.
"తెలీట్లా" అంది.
"ఆడ పెట్టు. సందకాడ చూద్దాం."